కేబినెట్‌లో పెట్టిన చిన్న డిస్‌ప్లేకి కరెంటు యాణ్ణించి తీయాల?

కావలి_కుర్రోడు
5 అంగుళాల హెచ్‌డీఎంఐ డిస్‌ప్లే కొన్నా, 800 బై 480, టచ్ కూడా ఉండాది. నా కేబినెట్‌కి పక్కన అద్దం కదా, లోపల ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటిచ్చే డబ్బా) మూత మీద నిలబెట్టా. ప్రాసెసర్ వేడి, ఫ్యాన్ స్పీడు, టైమ్ అన్నీ దాంట్లో కనపడతాయి. చూడ్డానికి బో ముద్దుగా ఉండాది.

దానికి ఒకటే మైక్రో యూఎస్‌బీ పోర్టు. కరెంటూ టచ్చూ రెండూ దాన్నుంచే. కేబినెట్ ముందు వైపు రెండు పాత యూఎస్‌బీ పోర్టులుంటే ఒకదాని తీగలు లోపలే పీకి డిస్‌ప్లేకి ఇచ్చేశా. రెండోది బయటికి వదిలేశా.

ఇప్పుడు రెండు తలనొప్పులు. ఒకటి, సిస్టమ్ షట్‌డౌన్ చేసినా ఇది ఆరదు. సిగ్నల్ లేదని చెప్పి నీలంగా వెలుగుతానే ఉంటది రాత్రంతా. హాల్లో పడుకునే మా అవ్వ "దెయ్యం దీపం మాదిరి అదేందిరా" అని తిడతా ఉండాది. రెండోది, అప్పుడప్పుడూ ఆరి వెలుగుతది, ముఖ్యంగా ముందున్న పోర్టులో ఏదన్నా గుచ్చినప్పుడు. డిస్‌ప్లే చెడిపోయిందా, వాపసు పంపాల్నా? 7 రోజుల గడువులో ఇంకా 3 రోజులే ఉండాయి.

ఒంగోలు_గిత్త
వాపసు పంపబాక. డిస్‌ప్లే బానే ఉంది. షట్‌డౌన్ చేసినా ఎస్‌ఎంపీఎస్ పూర్తిగా పడుకోదు, ఊదా రంగు తీగలో 5 వోల్టులు వస్తానే ఉంటాయి. స్టాండ్‌బై అంటారు దాన్ని. చాలా బోర్డులు యూఎస్‌బీకి ఆ కరెంటే ఇస్తాయి, కీబోర్డు నొక్కితే సిస్టమ్ లేవాలి కదా మరి.

బయాస్‌లోకి, అంటే విండోస్ రాకముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి చూడు, ఈఆర్‌పీ అని ఉంటది, ఎనేబుల్ చెయ్. ఆపేసిన మిషన్ ఎక్కువ కరెంటు తాగకూడదని యూరప్ వాళ్లు పెట్టుకున్న రూలు అది. రెండు నిమిషాల పని, మీ అవ్వ ప్రశాంతంగా పడుకుంటది.

మలైకాజా
అసలు యూఎస్‌బీ ఎందుకు? హెచ్‌డీఎంఐ తీగలో కూడా 5 వోల్టులు వస్తాయిగా. టచ్ వద్దనుకుంటే ఆ ఒక్క తీగ చాలదా?

పలక_బలపం
మాది మార్కాపురం. మా ఊరి పలక ఒకటి పంపిస్తా, కేబినెట్‌లో పెట్టుకో. వేడి ఎంతో బలపంతో రాసుకోవచ్చు. 5 వోల్టులూ వద్దు, 12 వోల్టులూ వద్దు.

పాత_సోల్డరు
మలైకాజా, ఉంటాయమ్మా, కానీ ఆ 5 వోల్టులు పొట్టకి చాలవు. హెచ్‌డీఎంఐలో 18వ పిన్ను అది. 55 మిల్లీయాంపులు ఇస్తే చాలు, గ్రాఫిక్స్ కార్డు తన ధర్మం తాను నెరవేర్చినట్టే. "నేను ఫలానా మానిటర్ని, నా సైజు ఇంత" అని డిస్‌ప్లే చెప్పుకునే చిన్న చిప్పు బతకడానికి పెట్టిన కరెంటు అది. 5 అంగుళాల డిస్‌ప్లే వెనక లైటుకి సుమారు అర యాంపు కావాలి, అంటే 500 మిల్లీయాంపులు. ఉగ్గుగిన్నెతో పెళ్లి భోజనాలు వడ్డించినట్టుంటది.

కుర్రోడా, గిత్త చెప్పింది నిజమే. కాకపోతే నీ రెండో తలనొప్పి ఈఆర్‌పీతో పోదు. యూఎస్‌బీ 2.0 పోర్టుకి లెక్క ప్రకారం 500 మిల్లీయాంపులే, నీ డిస్‌ప్లే ఒక్కటే అంత లాగేస్తా ఉంది. పైగా చాలా బోర్డుల్లో పక్కపక్క పోర్టులు రెంటికీ ఒకే ఫ్యూజు ఉంటది. రెండో పోర్టులో నువ్వు గుచ్చేది ఏంది?

కావలి_కుర్రోడు
మా నాయన ఫోను.

అదే అసలు ఇబ్బంది గిత్తన్నా. మాకు రొయ్యల గుంటలుండాయి, ఆయన తెల్లారుజామున 3 గంటలకు లేచి పోతాడు. ఛార్జరు ఎప్పుడో పోగొట్టుకున్నాడు. రాత్రి కంప్యూటర్ ఆపేసినాక దాని ముందు పోర్టుకే ఫోను పెట్టుకుంటాడు, వచ్చే కాడికి వస్తది అని. ఈఆర్‌పీ పెడితే అది కూడా ఆగిపోతది కదా?

ఒంగోలు_గిత్త
ఆగిపోద్ది. మీ నాయనకి ఛార్జరు కొనిపెట్టరాదా, డిస్‌ప్లేకి వేలు తగలేశావ్?

కావలి_కుర్రోడు
మూడు కొనిచ్చా అన్నా. మూడూ గుంటల కాడ షెడ్డులోనే ఉండాయి.

చీమకుర్తి_దుమ్ము
ఫ్యాను పిన్ను నుంచి తీసుకో సింపుల్‌గా. బోర్డు మీద ఖాళీ ఫ్యాన్ పిన్నులు ఉంటాయి కదా, సిస్టమ్ ఆపితే అవీ ఆగిపోతాయి. అది 12 వోల్టులు, మధ్యలో 7805 అని వోల్టేజి తగ్గించే చిప్పు ఒకటి పెడితే 5 అవుద్ది. 7805 పది ఇరవై రూపాయలు.

పాత_సోల్డరు
వద్దు దుమ్మూ. లెక్క వేసి చూడు. 12 లోంచి 5 తీస్తే 7 వోల్టులు ఆ 7805 మింగాలి. అర యాంపు పోతా ఉంటే 7 ఇంటూ 0.5, మూడున్నర వాట్లు వేడి. అల్యూమినియం రేకు లేకపోతే వేలు పెడితే బొబ్బ లేస్తది. వేడి చూపించడానికి పెట్టిన సామానుకి వేడి పుట్టించే సామాను తోడా? అంతగా 12 నుంచే తీయాలంటే బక్ కన్వర్టర్ వాడాలి, అదీ వోల్టేజి తగ్గించేదే గాని ఇంత కాగదు.

ఇంకోటి, ఫ్యాన్ పిన్నులో 12 ఎప్పుడూ 12 ఉండదు. 3 పిన్నుల ఫ్యాను స్పీడు తగ్గించడానికి బోర్డు ఆ వోల్టేజినే తగ్గిస్తది. సిస్టమ్ చల్లబడ్డప్పుడల్లా నీ డిస్‌ప్లే మసకబారుద్ది.

చీమకుర్తి_దుమ్ము
సరే, ఒప్పుకుంటున్నా. నా అనుభవం ఇంకా ఘోరం, చెబుతా. మా క్వారీ ఆఫీసులో సిస్టమ్‌కి ఇట్టాగే చిన్న డిస్‌ప్లే పెట్టా పోయినేడు. ఎస్‌ఎంపీఎస్ నుంచి కరెంటు తీసే నాలుగు తీగల మోలెక్స్ కనెక్టర్ తెచ్చా, పసుపు, నలుపు, నలుపు, ఎరుపు. ఎరుపు 5, పసుపు 12 అని తెలుసు. నల్లది ఎర్రది చూసుకుని చక్కగా కలిపా. స్విచ్ వేశా. టప్పున శబ్దం, కాలిన వాసన, అంతే. తర్వాత మీటర్ పెట్టి చూస్తే ఎర్ర తీగలో 12 ఉంది. నేను కొన్న ఎక్స్‌టెన్షన్ తీగలో రంగులు తారుమారు చేసి కుట్టారు ఎవడో పుణ్యాత్ముడు.

మలైకాజా
అయ్యో. షాపువాడు తిరిగి తీసుకున్నాడా?

చీమకుర్తి_దుమ్ము
"మీరు మీటర్ పెట్టి చూసుకోవాలి గదా సార్" అన్నాడు. నిజమే అన్నాడు గాబట్టి ఏమీ అనలేకపోయా.

పాత_సోల్డరు
మోలెక్స్ మాటొచ్చింది కాబట్టి, కుర్రోడా నీకు కావాల్సింది అదే. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే ఎర్ర తీగ 5 వోల్టులు స్టాండ్‌బై కాదు. సిస్టమ్ ఆన్ అయితే వస్తది, షట్‌డౌన్ అయితే పోతది. నీ బోర్డులో యూఎస్‌బీకి వచ్చే 5 వేరే కొళాయి, ఇది వేరే కొళాయి. రెండూ 5 వోల్టులే, రెండూ ఒకే డబ్బాలోంచే వస్తాయి, కానీ ఒకటి రాత్రంతా కారతా ఉంటది. ఈ తేడా మనసులో పెట్టుకుంటే మిగతాది సోల్డరింగ్ పనే.

నాకు ఇది తెలిసింది 2004 ప్రాంతాల్లో. అప్పుడు నెల్లూరు పొగతోటలో అద్దె గదిలో ఉండేవాణ్ణి. ఇట్టాంటి డిస్‌ప్లేలు లేవు, 16 అక్షరాలు రెండు వరసల ఎల్‌సీడీ ఒకటే గతి, హిటాచీ వాళ్ల 44780 చిప్పుది. ప్రింటర్ పోర్టు 25 పిన్నులకి తగిలించి పాటల పేర్లు చూపించేవాణ్ణి. ప్రింటర్ పోర్టులో సమాచారం పోతది గాని కరెంటు రాదు. కీబోర్డు గుండ్రటి పిన్నులో 4వ దాంట్లో 5 వోల్టులుంటే అక్కణ్ణించి దొంగిలించా. మొదటిరోజు స్విచ్ వేస్తే పై వరసలో నల్ల గళ్లు తప్ప ఇంకేం రాలా. కాలిపోయిందనుకుని రెండురోజులు అన్నం సయించలా. ఆఖరికి అది కాంట్రాస్ట్, 10 కిలోఓమ్ల ప్రీసెట్ (తిప్పే రెసిస్టర్) ఒకటి తిప్పాల. పైగా సాఫ్ట్‌వేర్ ఇంకా పలకరించనప్పుడు ఆ గళ్లే కనపడతాయంట, అది ఆరోగ్య లక్షణమే.

ఆ కీబోర్డు కరెంటు కూడా స్టాండ్‌బైదే. రాత్రంతా పచ్చగా వెలిగేది. మా ఓనరమ్మ కరెంటు బిల్లు గురించి అడగబట్టి కారణం ఎతికా.

ఒంగోలు_గిత్త
సోల్డరు గారు మొదలుపెడితే పెన్నా పొంగినట్టే 😄

కావలి_కుర్రోడు
అర్థమైంది సార్. రేపు ట్రంకు రోడ్డుకు పోయి మోలెక్స్ తీగ, మీటర్ తెస్తా.

పలక_బలపం
ఏ ఊరి ట్రంకు రోడ్డు? కావలిదా, నెల్లూరుదా, ఒంగోలుదా? ఈ మూడూళ్లలో యాడ వస్తువు అడిగినా "ట్రంకు రోడ్డులో దొరుకుద్ది" అంటారు, ఊరు మాత్రం చెప్పరు.

కందుకూరు_కరెంటు
ఒక ముక్క. మోలెక్స్ నుంచి తీసేటప్పుడు ఫ్యూజు పెట్టు, మర్చిపోవద్దు. 1 యాంపుది, గాజుది చాలు, హోల్డరుతో సహా.

ఒంగోలు_గిత్త
ఎందుకు బాసూ అతి జాగ్రత్త? ఎస్‌ఎంపీఎస్‌లో షార్ట్ ప్రొటెక్షన్ ఉంటది కదా. రెండు తీగలు తగిలితే అదే ఆగిపోద్ది.

కందుకూరు_కరెంటు
రెండు తీగలు గట్టిగా తగిలితే ఆగిద్ది. సగం సగం తగిలితే? నీ ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ చూడు, 5 వోల్టుల కింద 15 అనో 20 అనో రాసుంటది, యాంపులు. డిస్‌ప్లేలో ఏదో భాగం కాలి 6 యాంపులు లాగిందనుకో, ఎస్‌ఎంపీఎస్‌కి అది లెక్కే కాదు, పాపం ఏదో ఆకలిగా ఉందనుకుని పోస్తానే ఉంటది. కానీ మన యూఎస్‌బీ తీగ వెంట్రుకంత సన్నం. తీగే ముందు ఎర్రబడుద్ది, తర్వాత దాని ప్లాస్టిక్కు, తర్వాత పక్కనున్నయ్యి.

యూఎస్‌బీ పోర్టులో అయితే బోర్డు తరఫున చిన్న ఫ్యూజు కాపలా ఉంటది. మోలెక్స్‌కి అట్టాంటి కాపలా లేదు. కాపలా లేని కాడికి పోతున్నాం కాబట్టి మనదే పెట్టుకోవాల. నేను చేసే పని ఇళ్ల వైరింగ్, అయినా సూత్రం ఒకటే. ఫ్యూజు కాపాడేది డిస్‌ప్లేని కాదు, తీగని.

ఒంగోలు_గిత్త
ఆఖరి వాక్యం బావుంది. సరే ఫ్యూజు పెట్టు కుర్రోడా, నేను తప్పుకుంటున్నా.

కొత్తపట్నం_ఉప్పుగాలి
నా పోస్టు ఎవరూ పట్టించుకోరని తెలుసు గాని చెబుతా. సముద్రం పక్కన ఉండేవాళ్లు తీగలు ఊరికే మెలేసి టేపు చుడితే ఆర్నెల్లు తిరక్కుండా చిలుము పడుద్ది. పైకి బాగానే ఉంటది, లోపల పచ్చగా. వోల్టేజి అక్కడే తినేస్తది. సోల్డర్ చేసి హీట్ ష్రింక్ గొట్టం (వేడికి ముడుచుకుని తీగని పట్టేసేది) వేయండి. గొట్టం ముందే తీగలోకి దూర్చాలి, సోల్డర్ చేసినాక గుర్తొస్తే ఏడవడమే. నేను మూడుసార్లు ఏడ్చా.

మలైకాజా
నాలుగోసారి?

కొత్తపట్నం_ఉప్పుగాలి
నాలుగోసారి టేపు చుట్టా.

కావలి_కుర్రోడు
చేశా. ముందు మంచి కబురు. మీటర్ పెట్టి చూసి ఎర్ర దాంట్లో 5.08 ఉందని తేల్చుకున్నా. ఫ్యూజు పెట్టా. డిస్‌ప్లే యూఎస్‌బీ తీగ మధ్యలో ఒలిచి, లోపలి ఎర్ర తీగకి మోలెక్స్ ఎర్ర తీగ, నల్లదానికి నల్లది కలిపి సోల్డర్ చేశా. యూఎస్‌బీ కొస బోర్డుకి అట్టాగే ఉంచా, టచ్ కావాలి కదా. సిస్టమ్ ఆన్ చేస్తే అద్దిరిపోయింది, ఇంతకుముందు కన్నా వెలుతురు ఎక్కువ.

చెడ్డ కబురు. షట్‌డౌన్ చేస్తే డిస్‌ప్లే పూర్తిగా ఆరలా. మసగ్గా గుడ్డి దీపం మాదిరి మినుకు మినుకుమంటా ఉండాది. తెల్లారి 3 గంటలకు మా నాయన లేచి చూస్తే ఫోను 12 శాతం. ముందు పోర్టు చచ్చిపోయింది. పెన్‌డ్రైవ్ పెట్టినా గుర్తుపట్టట్లా. తిట్లు మామూలుగా లేవు, వీధి లైట్ల కింద కుక్కలు కూడా లేచినయ్యి. బోర్డు పోగొట్టుకున్నానా?

పాత_సోల్డరు
ఎర్ర తీగ తెంపలేదా?!

కావలి_కుర్రోడు
ఏ ఎర్ర తీగ?

పాత_సోల్డరు
నాదే తప్పు, విడమర్చి చెప్పలా. యూఎస్‌బీ తీగలో నాలుగుంటాయి. ఎరుపు కరెంటు, నలుపు గ్రౌండు, తెలుపూ పచ్చా సమాచారం. నువ్వు ఎరుపుని తెంపకుండా దానికి మోలెక్స్‌ని అతికించావు. అంటే బోర్డు స్టాండ్‌బై 5, ఎస్‌ఎంపీఎస్ అసలు 5, రెండు కొళాయిలకీ ఒకే గొట్టం వేశావు. సిస్టమ్ ఆన్‌లో ఉన్నంతసేపు రెండూ 5 కాబట్టి గొడవ పెద్దగా బయటపడదు. ఆఫ్ చేయగానే అసలు 5 పడిపోయింది, స్టాండ్‌బై మాత్రం ఉంది. ఆ స్టాండ్‌బై కరెంటు నీ ఎర్ర తీగలోంచి ఎదురుపోయి ఎస్‌ఎంపీఎస్ 5 వోల్టుల లైన్ మొత్తానికి, హార్డ్‌డిస్క్‌కి, బోర్డుకి, అన్నిటికీ నీళ్లు పట్టడానికి చూసింది. ఊరంతటికీ ఒక్క చేతిపంపు. బోర్డు మీదున్న ఫ్యూజు వేడెక్కి చేతులెత్తేసింది. అదే ఫ్యూజు మీద మీ నాయన ఫోను కూడా ఉంది.

భయపడబాక. ఆ ఫ్యూజులు ఎక్కువగా పాలీఫ్యూజు రకం, చల్లారితే మళ్లీ పనిచేస్తాయి. గోడ స్విచ్ ఆపి, తీగ పీకి, ఒక గంట అట్టా వదిలెయ్. తర్వాత ఆ యూఎస్‌బీ తీగలో బోర్డు వైపు పోయే ఎరుపు మాత్రం కత్తిరించి దాని కొసకి గొట్టం వెయ్. డిస్‌ప్లే వైపు ఎరుపు మోలెక్స్‌కి ఉండాల. తెలుపు, పచ్చ, నలుపు ముట్టుకోబాక.

మలైకాజా
నలుపు మాత్రం రెండు వైపులా ఎందుకు కలిపే ఉంచాలి? ఎరుపు కలిపితే తప్పు, నలుపు కలిపితే ఒప్పా?

కందుకూరు_కరెంటు
ఆ నలుపులన్నీ ఎస్‌ఎంపీఎస్ లోపల ముందే కలిసున్నాయి, కేబినెట్ ఇనుముతో సహా. కొత్తగా కలిపేది ఏమీ లేదు. పైగా తెలుపూ పచ్చా తీగల్లో వచ్చే వోల్టేజిని డిస్‌ప్లే దేంతో పోల్చుకోవాల? ఆ నలుపుతోనే. సర్వే చేసేవాళ్లకి ఒక గుర్తు రాయి కావాలి కదా, అట్టాగ.

చీమకుర్తి_దుమ్ము
రాయి మాట ఎత్తారు కాబట్టి నేను వచ్చా.

ఒంగోలు_గిత్త
ఇందాకటి నుంచి ఒకటి అడుగుదామనుకుంటున్నా కుర్రోడా. విండోస్‌లో అది రెండో మానిటర్ కదా, మౌస్ బాణం అందులోకి పోయి తప్పిపోవట్లా?

కావలి_కుర్రోడు
అన్నా రోజూ అదే కత. మొన్న ఒక కిటికీ తెరిస్తే ఎంతసేపటికీ కనపళ్లా, చివరికి చూస్తే కేబినెట్ లోపల చిన్నగా తెరుచుకోనుండాది. మోకాళ్ల మీద కూర్చుని వేలితో మూశా. టచ్ పనికొచ్చింది అప్పుడొక్కసారే.

పలక_బలపం
సెట్టింగ్స్‌లో ఆ చిన్న మానిటర్ బొమ్మని పట్టుకుని పెద్దదాని మూలకి, కొస మాత్రమే ఆనేట్టు జరుపు. బాణం పొరపాటున పోవడం తగ్గిపోద్ది. పలకవాడు కూడా అప్పుడప్పుడూ పనికొస్తాడు చూడండి.

రాపూరు_రాంబాబు
మధ్యలో దూరుతున్నా. నా ఎస్‌ఎంపీఎస్ కొత్తది, మోలెక్స్ లేదు, సాటా కొసలే (హార్డ్‌డిస్క్‌కి కరెంటిచ్చేవి) ఉన్నాయి. దాంట్లో 5 రాదా?

పాత_సోల్డరు
వస్తది. సాటాలో కూడా ఎరుపు 5, పసుపు 12. సాటా నుంచి మోలెక్స్‌కి మార్చే ముక్క దొరుకుద్ది. కాకపోతే ప్లాస్టిక్కు కరగబోసి ఒకే ముద్దగా అచ్చు పోసిన రకం తీసుకోబాక, లోపల తీగలు ఒకదానికొకటి తగిలి కాలిపోయిన కేసులు ఉన్నాయి. తీగలు ఒక్కొక్కటీ విడిగా పిన్నుల్లో నొక్కిన రకం తీసుకో. నీది కూడా 5 అంగుళాలదేనా?

రాపూరు_రాంబాబు
కాదు, చిన్నది, 0.96 అంగుళం ఓఎల్ఈడీ.

పాత_సోల్డరు
దానికి ఇంత భాగోతం వద్దు. అది తాగేది ఇరవై, ముప్పై మిల్లీయాంపులు. దాన్ని నడిపే ఆర్డువినో (ప్రోగ్రాము రాసుకునే చిన్న బోర్డు) యూఎస్‌బీ నుంచే కరెంటు ఇచ్చేసెయ్. రాత్రి ఆరకపోతే ప్రోగ్రాములోనే ఆర్పు, పది సెకన్లు కంప్యూటర్ నుంచి కబురు రాకపోతే స్క్రీన్ మూసెయ్ అని. ఓఎల్ఈడీని రాత్రంతా ఒకే బొమ్మతో వదిలితే ఆ మచ్చ అట్టాగే ఉండిపోద్ది.

కావలి_కుర్రోడు
అయిపోయింది! ఎరుపు కత్తిరించా. గంటన్నర ఆపి ఉంచితే ముందు పోర్టు బతికొచ్చింది. సిస్టమ్ ఆన్ చేస్తే డిస్‌ప్లే వెలుగుద్ది, ఆఫ్ చేస్తే టక్కున ఆరిపోద్ది. టచ్ పనిచేస్తా ఉండాది. డిస్‌ప్లే కాడ మీటర్ పెడితే 4.97. ముందు యూఎస్‌బీ మీద నడిచినప్పుడు ఎంతుండిందో చూళ్లేదు, చూసుంటే బాగుండేది. రాత్రంతా మా నాయన ఫోను ఎక్కి 100 శాతం. ఉప్పుగాలి అన్నా, గొట్టం ముందే దూర్చా.

అవ్వ హాయిగా పడుకుంది. మా నాయన మాత్రం పొద్దున 3 గంటలకు లేచి, "ఆ నీలం దీపం యాడరా? దాని వెలుతురులోనే గదా నేను చెప్పులు ఎతుక్కునేది" అని మళ్లీ నన్ను లేపాడు.

ఒంగోలు_గిత్త
ఊదా తీగలో రాత్రంతా 5 వోల్టులు ఉంటాయిగా, దానికో ఎల్‌ఈడీ పెట్టు 😄

కందుకూరు_కరెంటు
గిత్తా, వాడికి ఐడియాలు ఇవ్వబాక. కుర్రోడా, గోడకి జీరో వాట్ బల్బు.

కావలి_కుర్రోడు
ఎల్‌ఈడీకి రెసిస్టర్ ఎంతది పెట్టాల?